పాత షిప్పింగ్ కంటైనర్ కొనేముందు ఏమేమి చూడాలి?

ప్రశ్న: పనిముట్లు, ఇంటి సామాను, కొన్ని పాత కాగితాలు దాచుకోవడానికి ఒక షిప్పింగ్ కంటైనర్ కొనాలనుకుంటున్నాను. తరువాత దానికి కిటికీ పెట్టించి, కొంత భాగాన్ని పనిగదిగా మార్చుకోవాలన్న ఆలోచన కూడా ఉంది. ఒక అమ్మకందారు ఫోనులో ఫొటోలు పంపి, పెట్టె 'కార్గో వర్తీ' అని, కొత్తగా రంగు వేయించామని, పూర్తి సొమ్ము ముందే కడితే లారీలో తెచ్చి దించుతామని చెబుతున్నారు. 20 అడుగులది తీసుకోవాలా, 40 అడుగులదా? కొత్తదా, వాడినదా? ఏమి చూసి నిర్ణయించుకోవాలి? — ఒక పాఠకురాలు

సమాధానం:

ముందుగా ఒక్క మాట తేల్చి చెబుతాను: కళ్లారా చూడని పెట్టెకు పూర్తి సొమ్ము ముందే కట్టకండి. ఆ అమ్మకందారు నిజాయతీపరుడే కావచ్చు. అయినా మీరు రాసిన వివరాలను బట్టి, ఆయన మాట తప్ప మీ చేతిలో వేరే ఆధారమేదీ లేదు. పైగా ఆయన గొప్పగా చెప్పిన రెండు విషయాలూ, అంటే 'కార్గో వర్తీ' అన్న మాట, కొత్త రంగు, మీ అవసరానికి పెద్దగా ఉపయోగపడేవి కావు. టన్నుల కొద్దీ బరువుండే ఈ వస్తువును ఒకసారి మీ స్థలంలో దించిన తరువాత తిప్పి పంపడం ఎంత కష్టమో ఆలోచిస్తే, కొనేముందు ఒక రోజు అదనంగా వెచ్చించడం ఏమంత భారం కాదని మీకే అనిపిస్తుంది.

మీ ఉత్తరంలో నిజానికి రెండు వేర్వేరు అవసరాలున్నాయి. సామాను దాచడానికి కావలసింది నీరు చొరబడని, తలుపులు సరిగ్గా పడే, గట్టి తాళానికి వీలున్న పెట్టె. మనిషి గంటల తరబడి కూర్చుని పనిచేసే గదికి అంతకంటే చాలా ఎక్కువ కావాలి: తల ఎత్తుకు పైన చోటు, గాలి రాకపోకలు, ఎండ వేడిని ఆపే పొర, అన్నిటికంటే ముఖ్యంగా నేలలోనూ గోడల రంగులోనూ ఏ రసాయనాలున్నాయో తెలిసి ఉండడం. పనిగది అన్నది ఎప్పుడో జరగవచ్చునన్న ఊహ మాత్రమే అయితే దానిని పక్కన పెట్టి సామాను కోసమే కొనండి. అది నిశ్చయమైతే మాత్రం ఇప్పుడే దానికి తగిన పెట్టెను ఎంచుకోండి. పెట్టె పరిమాణం, రకం, ధర అన్నీ ఈ నిర్ణయం మీదే ఆధారపడతాయి కనుక దీనిని వాయిదా వేయవద్దు.

ఇక ఈ వ్యాపారంలో వినబడే పేర్ల సంగతి. కర్మాగారం నుంచి సరుకుతో ఒకే ఒక్క ప్రయాణం చేసి అమ్మకానికి వచ్చిన పెట్టెను 'వన్ ట్రిప్' అంటారు. మార్కెట్లో 'కొత్తది' అనేది సాధారణంగా ఇదే. 'కార్గో వర్తీ' అంటే మళ్లీ సరుకు నింపి ఓడ ఎక్కించడానికి తగినదని అర్థం. 'విండ్ అండ్ వాటర్ టైట్' అంటే గాలీ నీరూ చొరవని మాత్రమే చెప్పడం. దాని చట్రం ఎంత బలంగా ఉందో ఆ పేరు చెప్పదు. 'యాజ్ ఈజ్' అంటే ఉన్నది ఉన్నట్టుగా, ఏ హామీ లేకుండా అమ్మడం. వీటిలో 'కార్గో వర్తీ'కి మాత్రమే వెనుక ఒక నిర్దిష్టమైన పరీక్ష ఉంటుంది. 1972 నాటి అంతర్జాతీయ కంటైనర్ భద్రతా ఒప్పందం ప్రకారం ప్రతి పెట్టె తలుపు మీద ఒక లోహపు ఫలకం ఉండాలి. తయారైన 5 ఏళ్లలోపు మొదటి తనిఖీ, ఆ తరువాత 30 నెలలకు మించకుండా ఒక్కొక్క తనిఖీ జరగాలి, లేదా యజమాని నిరంతర తనిఖీ పథకంలో పెట్టెను ఉంచాలి. కాబట్టి 'కార్గో వర్తీ' అన్నవారిని ఎవరు పరీక్షించారు, ఎప్పుడు పరీక్షించారు, ఆ కాగితం ఏది అని అడగడం మీ హక్కు. కాగితం లేకుండా ఆ పేరు వాడితే దానిని అమ్మకందారు అభిప్రాయంగానే తీసుకోండి. కదలకుండా ఒకేచోట ఉండబోయే పెట్టెకు ఓడ ఎక్కే యోగ్యతా పత్రం అక్కర్లేదు. అక్కర్లేనిదానికి అదనంగా చెల్లించనూ అక్కర్లేదు.

కొత్త రంగు గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. వాడిన పెట్టె రంగు వెలిసి, గోడల మీద అక్కడక్కడ తుప్పు మరకలతో కనిపించడం సహజం, అది చూసి భయపడవలసిన పని లేదు. ఈ పెట్టెలను కోర్టెన్ రకపు ఉక్కుతో చేస్తారు. దాని మీద ఏర్పడే మొదటి తుప్పు పొర దట్టంగా అతుక్కుపోయి, లోపలి లోహాన్ని కొంతవరకు కాపాడుతుంది. అయితే ఆ కాపుదల తడిసి ఆరుతూ ఉండే చోట్లకే పరిమితం. నీరు నిలిచే చోట, మట్టి అంటుకుని తేమ వదలని చోట, ఉప్పు చేరిన చోట తుప్పు ఆగదు. గోడ రేకు మందం చాలాచోట్ల 1.6 మిల్లీమీటర్లే కనుక, తుప్పు పొరలు పొరలుగా లేస్తూ ఉంటే అక్కడ మిగిలిన లోహం ఎంతో చెప్పలేము. తాజా రంగు ఈ రెండు రకాల తుప్పునూ ఒకేలా కప్పేస్తుంది. పైపైన మరకలున్నా రంగు వేయని పెట్టెనే నేను ఇష్టపడతాను, ఎందుకంటే దాని స్థితి దాని మీదే కనిపిస్తుంది. మీకు చూపిన పెట్టెకు రంగు వేయకముందు తీసిన ఫొటోలు అడగండి; లేవంటే, రంగు కింద ఉబ్బులూ అతుకులూ ఉన్నాయేమో చేత్తో తడిమి, చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి లోహం ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట శబ్దం మందంగా వస్తుంది, పెచ్చులు రాలుతాయి.

మీరు స్వయంగా చూడడానికి వెళ్లినప్పుడు పని అడుగు నుంచి మొదలుపెట్టండి. అందరూ గోడలు చూసి, లోపలికి వెళ్లి, తలుపు మూసి వచ్చేస్తారు. పెట్టె ఆయుష్షును తేల్చేది మాత్రం ఎవరూ వంగి చూడని అడుగు భాగమే. అక్కడ అడ్డంగా వరుసగా ఉక్కు దూలాలు ఉంటాయి, వాటి మీద సుమారు 28 మిల్లీమీటర్ల మందమున్న ప్లైవుడ్ నేల ఉంటుంది. పెట్టె దిమ్మల మీద ఉంటే టార్చి వేసి ప్రతి దూలాన్నీ చూడండి, ఎక్కడైనా వంగిందా, నేలను పట్టుకున్న అంచు తుప్పుతో విడిపోయిందా అన్నది గమనించండి. నేరుగా మట్టి మీద చాలాకాలంగా పడి ఉన్న పెట్టె అయితే, దానిని పైకి ఎత్తి చూపించమనండి. అలా చూపడానికి ఒప్పుకోకపోతే వేరే పెట్టె వెతుక్కోవడం మేలు. ఇరువైపులా పొడవునా సాగే కింది పట్టీలు, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములు దూరే అరల చుట్టూ ఉన్న భాగం కూడా దెబ్బలు తినే చోట్లే.

ఆ తరువాత నాలుగు మూలల నిలువు స్తంభాలు, వాటి పైనా కిందా ఉండే ఇనుప దిమ్మలు చూడాలి. ఓడల్లో నిండు పెట్టెలను ఒకదాని మీద ఒకటిగా పేర్చినప్పుడు ఆ బరువంతా ఈ స్తంభాల గుండానే కిందికి దిగుతుంది. గోడకు సొట్ట పడితే పెద్దగా నష్టం లేదు, కానీ స్తంభం వంగితే చట్రమే ఒరిగిందని అర్థం. అనుమానముంటే తలుపు వైపు చట్రానికి మూల నుంచి ఎదుటి మూలకు రెండు ఐమూల కొలతలూ తీయండి. అవి సమానంగా లేకపోతే తలుపులు ఇప్పుడు పడినా తరువాత పడవు.

తలుపులను అమ్మకందారు మనిషి చేత కాకుండా మీ చేత్తోనే తెరిచి మూయండి. పెట్టె సమంగా ఉన్నచోట ఆ పని ఒంటరిగా చేయలేకపోతే, మడతబందులు తుప్పుతో బిగుసుకుపోయి ఉండాలి లేదా చట్రం ఒరిగి ఉండాలి. నిలువు గడియ కమ్మీలన్నీ తిన్నగా ఉన్నాయా, వాటి కొసలు పైనా కిందా గాడిలో పూర్తిగా కూర్చుంటున్నాయా అని చూడండి. తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఎండి చిట్లితే నీరు చొరబడేది అక్కడి నుంచే. అయితే పట్టీ మార్చుకోదగినదే కనుక దానివల్ల పెట్టెను వదులుకోకుండా ధర తగ్గించమని అడగవచ్చు. తాళం మీద కట్టరు పడకుండా ఇనుప కవచం వెల్డింగ్ చేసి ఉంటే మరీ మంచిది.

పైకప్పు మీద నీరు నిలిచే సొట్టలున్నాయేమో నిచ్చెన వేసుకుని చూడండి. క్రేన్ దెబ్బలు తగిలేది అక్కడే, నీరు నిలిచి రేకు తినేదీ అక్కడే. చివరగా పట్టపగలు లోపల నిలబడి తలుపులు మూయించుకుంటే, కంటికి ఆనని చిల్లులు కూడా వెలుగు చుక్కలుగా బయటపడతాయి. ఒక జాగ్రత్త మరవకండి: ఈ తలుపులు బయటి నుంచే తెరుచుకుంటాయి, కాబట్టి మీకు నమ్మకమైన మనిషి బయట ఉంటే తప్ప ఈ పరీక్ష చేయవద్దు. అంతకుముందే తలుపులు బార్లా తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. సరుకుకు పురుగు పట్టకుండా మిథైల్ బ్రోమైడ్, ఫాస్ఫీన్ వంటి విషవాయువులు పట్టించే అలవాటు ఉంది. వాటి అవశేషాలు మూసి ఉన్న పెట్టెలో మిగిలి ఉండవచ్చు. గాలి ఆడిన తరువాత కూడా నేల నుంచి ఘాటైన వాసన వస్తుంటే, నూనె మరకల వంటివి లోతుగా ఇంకి ఉంటే, ఆ పెట్టె పనిగదికి పనికిరాదు.

నేల ప్లైవుడ్ విషయం విడిగా చెప్పాలి. చెదలూ పురుగులూ పట్టకుండా దానికి క్రిమిసంహారకం కలపడం ఈ పరిశ్రమలో మామూలే. ఏ మందు వాడారో, ఎప్పుడు వాడారో తలుపు మీది ఫలకాల్లో 'టింబర్ కాంపొనెంట్ ట్రీట్‌మెంట్' అన్న వరుసలో ఉంటుంది. దానిని ఫొటో తీసుకుని ఆ పేరు గురించి తెలుసుకోండి. ఇనుప పనిముట్లు దాచేందుకు ఇది అడ్డంకి కాదు. కానీ మనుషులు కూర్చునే గదికి, ఆ నేలను మందపాటి ఎపాక్సీ పూతతో మూయించడమో, తీయించి కొత్తది వేయించడమో అవసరం. తీసిన చెక్కను పొయ్యిలోనో మంటలోనో వేయకండి.

పరిమాణం దగ్గరికి వస్తే, మామూలు 20 అడుగుల పెట్టె బయటి కొలతలు 6.06 మీటర్ల పొడవు, 2.44 మీటర్ల వెడల్పు, 2.59 మీటర్ల ఎత్తు. లోపల దొరికేది సుమారు 5.9 మీటర్ల పొడవు, 2.35 మీటర్ల వెడల్పు, 2.39 మీటర్ల ఎత్తు. తలుపు ఖాళీ ఎత్తు ఇంకా తక్కువ, దాదాపు 2.28 మీటర్లు. మీ బీరువాలూ యంత్రాలూ పోల్చుకోవలసింది ఈ చివరి కొలతతో. 40 అడుగుల పెట్టె పొడవు 12.19 మీటర్లు. 'హై క్యూబ్' రకం వీటికంటే ఒక అడుగు ఎత్తు ఎక్కువ కనుక లోపల సుమారు 2.69 మీటర్లు వస్తుంది. గదిగా మార్చేటప్పుడు కప్పుకూ గోడలకూ వేడిని ఆపే పొర, దాని మీద పలకలు, కింద కొత్త నేల వేస్తే మామూలు పెట్టెలో తల మీద మిగిలే చోటు ఇరుకనిపిస్తుంది. అందుకే పనిగది నిశ్చయమైతే హై క్యూబే తీసుకోండి. పొడవు మాటకొస్తే, 40 అడుగులదానికి 20 అడుగులదానికంటే రెట్టింపు ధర ఉండకపోవడం చూసి చాలామంది దానివైపు మొగ్గుతారు. కానీ దానిని లోపలికి తెచ్చి తిప్పి దించే చోటు మీకు లేకపోతే ఆ చవక వల్ల ప్రయోజనం లేదు. మీరు రాసిన సామానుకు 20 అడుగులది చాలుతుందనే నా అంచనా.

శీతల సరుకులు మోసే 'రీఫర్' పెట్టెకు గోడల్లో ముందే నురుగు పొర ఉంటుంది కదా, పనిగదికి అదే మేలు కదా అని మీకు ఎవరైనా సలహా ఇవ్వవచ్చు. దాని లోపలి చోటు తక్కువ, నేల టీ ఆకారపు అల్యూమినియం పట్టాలతో ఉంటుంది, యంత్రం నడవాలంటే త్రీ ఫేజ్ కరెంటు కావాలి. కోసి కిటికీ పెట్టడం మామూలు వెల్డింగ్ పనివారికి అలవాటైన పని కాదు. చల్లని గిడ్డంగి కావలసినవారికి తప్ప దానిని నేను సూచించను.

కొత్తదా, వాడినదా అన్నదానికి నా సమాధానం ఇది. సామాను కోసమే అయితే, పైన చెప్పిన పరీక్షలకు నిలిచిన వాడిన పెట్టె తీసుకుని, మిగిలిన డబ్బును దాని కింద వేయించే పునాదికి ఖర్చుపెట్టండి. సముద్రం మీద సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు తిరిగిన తరువాత ఇవి అమ్మకానికి వస్తాయి, ఒకేచోట శ్రద్ధగా ఉంచితే ఇంకా చాలాకాలం పనిచేస్తాయి. పనిగది కోసమైతే 'వన్ ట్రిప్' పెట్టెకు పెట్టే అదనపు ధర వృథా కాదు. దానిలో మోసిన సరుకు ఏదో కనుక్కోవడం సులభం, నేల శుభ్రంగా ఉంటుంది, కోసేటప్పుడు తుప్పు తిన్న అంచులతో తంటా ఉండదు.

కోయడం అంటే గుర్తొచ్చింది: గోడలోని ముడతలు అందానికి పెట్టినవి కావు, పలుచని రేకుకు బిగువు నిచ్చేవి అవే. కిటికీకో పక్క తలుపుకో గోడ కోస్తే ఆ ఖాళీ చుట్టూ ఉక్కు చట్రం బిగించాలి. ఒక గోడలో ఎక్కువ భాగం తీసేయాలనుకుంటే నిర్మాణ ఇంజనీరును అడగకుండా చేయకండి. కప్పు మీద కొద్దిసేపు మనిషి నడవవచ్చు గాని, అది బరువులు పెట్టే మేడ కాదు. సగం భూమిలో పాతిపెడితే చల్లగా ఉంటుందన్న సలహాను అస్సలు వినకండి. గోడలు పక్క నుంచి వచ్చే మట్టి ఒత్తిడిని తట్టుకునేలా చేసినవి కావు, లోపలికి కూలవచ్చు. పాత రంగుల్లో సీసం, క్రోమేట్ వంటివి ఉండే అవకాశముంది కనుక వెల్డింగ్ చేసేచోట ముందు రంగు తొలగించి, తగిన ముసుగు పెట్టుకుని పనిచేయాలని పనివారికి చెప్పండి.

పెట్టె బాగున్నా స్థలం సిద్ధంగా లేకపోతే మొదటి రోజే ఇబ్బంది మొదలవుతుంది. ఖాళీ 20 అడుగుల పెట్టె బరువు సుమారు 2,200 నుంచి 2,400 కిలోలు, 40 అడుగులది 3,700 కిలోలకు పైనే. వెనుక భాగం వంచి పెట్టెను జార్చే లారీ అయితే, పెట్టె పొడవుకు తోడు లారీ ముందుకు కదలడానికి తిన్నని చోటు ఉండాలి. క్రేన్ అయితే పైన కరెంటు తీగలు ఉండకూడదు. తలుపులు ఏ దిక్కుకు రావాలో లారీ మీదికి ఎక్కించకముందే చెప్పాలి, దారిలో తిప్పడం కుదరదు. దించే చోట నాలుగు మూలల కింద కాంక్రీటు దిమ్మలో, గట్టిపరిచిన కంకర మీద మందపాటి దుంగలో వేసి, అన్నిటినీ ఒకే మట్టానికి తేవాలి. ఒక కోడు కుంగిన మంచం ఎలా కిర్రుమంటుందో, ఒక మూల కుంగిన పెట్టె చట్రం కూడా అలాగే మెలితిరిగి తలుపులను పట్టేస్తుంది. కింద గాలి ఆడే ఖాళీ ఉంటే అడుగు దూలాలు పొడిగా ఉంటాయి. ఇలాంటి పెట్టె పెట్టడానికి అనుమతి అవసరమా అన్నది మీ స్థానిక సంస్థను అడిగి, వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి.

మీరు కాగితాలు దాస్తామన్నారు కనుక తేమ గురించి హెచ్చరించాలి. చిల్లు ఒక్కటీ లేని పెట్టెలో కూడా కాగితాలు తడుస్తాయి. పగటి వేడికి లోపలి గాలి పట్టుకున్న తేమ, రాత్రి ఉక్కు కప్పు చల్లబడగానే దాని మీద నీటిబొట్లుగా మారి కిందికి రాలుతుంది. గోడల పైభాగంలో ఉండే చిన్న గాలి రంధ్రాలు దీనికి చాలవు. ఎదురెదురు గోడలకు పెద్ద గాలి మార్గాలు పెట్టించండి. తడి వస్తువులేవీ లోపల పెట్టకండి, సామానును గోడకు ఆనించకుండా చెక్క పలకల మీద ఉంచండి, కాల్షియం క్లోరైడ్ ఉండే తేమ పీల్చే సంచులు వేలాడదీసి ఎప్పటికప్పుడు మార్చండి. కాగితాలను మాత్రం మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఉంచండి.

చివరగా కాగితాలు, డబ్బు. ప్రతి పెట్టెకూ మూడు అక్షరాల యజమాని గుర్తు, దాని వెంట యూ అక్షరం, ఆరు అంకెల సంఖ్య, చివర గడిలో ఒక సరిచూపు అంకె ఉంటాయి. యజమాని గుర్తులను పారిస్‌లోని బీఐసీ అనే సంస్థ నమోదు చేస్తుంది. అమ్మేటప్పుడు ఓడల సంస్థలు తమ గుర్తును చెరిపించడం ఉంది కనుక, అది లేకపోవడమే మోసానికి సాక్ష్యం కాదు. కానీ తలుపు ఫలకం మీది తయారీ సంఖ్య, తయారైన నెల, సంవత్సరం మిగిలి ఉండాలి. పెట్టె ఆ అమ్మకందారు చేతికి ఎలా వచ్చిందో చూపే కాగితంలోనూ, మీకిచ్చే రసీదులోనూ అదే పెట్టె సంఖ్య ఉండాలి. విదేశీ సరుకుతో వచ్చే కంటైనర్లను తిరిగి వెళ్లే షరతు మీద సుంకం లేకుండా దేశంలోకి రానిస్తారు; అలా వచ్చినదానిని స్థానికంగా అమ్మారంటే కస్టమ్స్ సుంకం తీరినట్టు పత్రం ఉండాలి. అది అడగకపోతే ఆ బాధ్యత మీ నెత్తిన పడవచ్చు.

మీ అమ్మకందారుకు ఈ రోజే ఇలా రాయండి: పెట్టె సంఖ్య, ఫలకం ఫొటో, అడుగు భాగం ఫొటోలు, పెట్టె ఉన్న యార్డు చిరునామా పంపమని, మీరు వచ్చి చూసిన తరువాత కొద్ది మొత్తం బయానాగా ఇచ్చి, మిగిలినది దించిన తరువాత చెల్లిస్తామని. ధర మరీ చవకగా ఉండి, యార్డుకు రానివ్వకుండా, ఈ రోజే కట్టాలని తొందరపెడితే అది ఇతరుల ఫొటోలతో సాగే మోసం కావచ్చు. ఒప్పుకుంటే వెళ్లి చూసి, నచ్చిన పెట్టె సంఖ్యను రసీదు మీద రాయించుకోండి. లారీ వచ్చిన రోజు సంతకం చేయకముందే ఆ సంఖ్య సరిచూసుకోండి. పెట్టెను దిమ్మల మీద కూర్చోబెట్టిన తరువాత లారీనో క్రేన్‌నో పంపించకుండా రెండు తలుపులూ తెరిచి మూయండి; పట్టేస్తుంటే మూల ఎత్తి దిమ్మ కింద పలక పెట్టించుకోవడం అప్పుడైతే కొద్ది నిమిషాల పని.